మెదడులో మడతలకి నిమ్మకాయ నీళ్లట!

ఈ వారంలో ఇది ఆరోసారి. మొదట మా బ్రాడీపేట అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, తర్వాత ఇంటర్ బ్యాచ్ గ్రూపులో. నిన్న పొద్దున్న మా వియ్యపురాలు కూడా పంపారు, కింద "మీరు బయోకెమిస్ట్రీ చెప్తారుగా అన్నయ్యగారూ, చూడండి" అని రాసి. చూశాను. "ప్రొటీన్ మడత రహస్యం" అని పేరు, ఐదు పాయింట్లు. (ప్రొటీన్ అంటే అమైనో ఆమ్లాల పొడవాటి గొలుసు. అది ముడుచుకుని తన పనికి తగ్గ ఆకారంలోకి రావడమే మడత.) గుడ్డు ఉడకబెడితే ప్రొటీన్ చచ్చిపోతుందట. ప్రొటీన్ తనంతట తాను మడతపడటం అసాధ్యమని, రాగి చెంబులో నీళ్లు తాగితేనే కుదురుతుందని సైన్సే ఒప్పుకుందట. మడతలన్నీ కంప్యూటర్ కనిపెట్టేస్తే డాక్టర్లు దాచేశారట. ఒళ్లు వణికి బిగుసుకుపోయే పార్కిన్సన్స్ జబ్బు వచ్చేది మడత తప్పిన ప్రొటీన్ వల్ల కాబట్టి, మాత్రలు ఆపేసి 21 రోజులు నిమ్మకాయ నీళ్లు తాగితే మడత మళ్లీ కుదురుతుందట. మాత్రతో పాటు పప్పు, గుడ్డు తినకూడదట.

గుడ్డు సంగతి రెండు ముక్కల్లో. ఉడికితే మడత విప్పుకుంటుంది, నిజమే. పచ్చిగా మింగినా కడుపులో యాసిడ్ చేసే పని అదే. పైగా పచ్చి తెల్లసొనలో ఉండే అవిడిన్ అనే ప్రొటీన్ బయోటిన్ అనే విటమిన్‌ని పట్టుకుని వదలదు, ఉడికిస్తే ఆ పట్టు పోతుంది. ఉడకబెట్టుకునే తినండి.

"అసాధ్యం" అన్నమాట ఎక్కడిదో నాకు తెలుసు. 1969లో లెవింతాల్ అనే శాస్త్రవేత్త, ప్రొటీన్ వీలున్న ప్రతి ఆకారాన్నీ ఒక్కొక్కటిగా ప్రయత్నిస్తూ కూర్చుంటే విశ్వం వయసు కూడా చాలదని లెక్క చెప్పాడు. కాబట్టి అది అలా వెతుక్కోదు అన్నది ఆయన పాయింటు. మన ఫార్వర్డ్ మహాశయుడు మొదటి సగం చదివి లేచిపోయినట్టున్నాడు. ఆ గొలుసులో ఏ మలుపు కుదురుతుందో, ఏది కుదరదో మద్రాసులో కూర్చుని మన శాస్త్రవేత్త రామచంద్రన్ 1963లోనే పటం గీసిపెట్టారు. ఇక ఆన్ఫిన్సెన్ అనే శాస్త్రవేత్త రైబోన్యూక్లియేజ్ అనే ప్రొటీన్‌ని తీసుకుని, మడత విప్పే యూరియాలో వేసి, దాని ఆకారాన్ని కట్టిపట్టే నాలుగు డైసల్ఫైడ్ బంధాలూ తెంచేశాడు. ఆ రసాయనాలు తీసేసి గాలి తగలనిచ్చాడు. తెగిన కొసలు మళ్లీ జతలుగా కలవడానికి 105 రకాల దారులుంటే, అది తన పాత దారినే పట్టుకుని మళ్లీ పనిలోకి దిగింది. 1972లో నోబెల్ ఇచ్చింది అందుకే. కణంలో సాయం కావలసిన ప్రొటీన్లూ ఉన్నాయి, వాటికి మడతలో చేయూతనిచ్చే చాపరోన్లు అనే ప్రొటీన్లు ఉన్నాయి. రాగి చెంబు మాత్రం ఎక్కడా లేదు.

దాచేశారట! కంప్యూటర్ వేసిన 20 కోట్లకు పైగా ప్రొటీన్ ఆకారాల అంచనాలు ఎవరైనా ఉచితంగా దించుకునేలా నెట్‌లో పెట్టారు. ఆ పనికే 2024లో నోబెల్ కూడా ఇచ్చారు. దాచడమంటే ఇదా?

ఇక నాలుగోది. నా కోపమంతా దీని మీదే. పార్కిన్సన్స్‌లో మెదడు కణాల్లో ఆల్ఫా సిన్యూక్లిన్ అనే ప్రొటీన్ మడత తప్పి గడ్డకడుతుంది, ఒప్పుకుంటాను. మీ నిమ్మరసం అక్కడిదాకా ఎలా వెళ్తుంది? నిమ్మకాయ కంటే కడుపులో యాసిడే ఘాటు. అది దాటాక రక్తం పీహెచ్‌ని, అంటే ఆమ్లత కొలతని, 7.35, 7.45 మధ్య కదలనివ్వకుండా ఊపిరితిత్తులు, కిడ్నీలు కాపలా కాస్తుంటాయి. నిమ్మకాయ నీళ్లతోనే ఈ జబ్బు పోయేట్టయితే గుంటూరులో ఒక్కరికీ ఉండకూడదు, మే నెలలో సందుకో నిమ్మసోడా బండి ఉంటుంది.

నవ్వులాట కాదు. పటమటలో ఉండే మా బాబాయి దీన్ని నమ్మాడు. నాలుగో రోజు పిన్ని ఫోన్ చేసింది: "ఒరేయ్, మీ బాబాయి మంచం మీద పక్కకి కూడా ఒత్తిగిల్లలేకపోతున్నాడురా." నేను వెళ్లేసరికి ఒళ్లంతా కర్రలా బిగుసుకుపోయి ఉంది, జ్వరం, మాట తడబాటు. బల్ల మీద గ్లాసు, అడుగున నాలుగు నిమ్మగింజలు. పక్కనే మాత్రల షీటు, ఒక్కటీ తీయలేదు. ఆ మాత్రలోని మందు లెవోడోపా. దాన్ని ఒక్కసారిగా ఆపేస్తే ప్రాణం మీదికే రావచ్చు. వారం రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు.

ఆ మాత్ర మడతను సరిచేయదు అని కూడా అందులో రాశారు. అదీ నిజమే, మెదడులో తక్కువైన డోపమైన్ అనే రసాయనాన్ని అందిస్తుంది, అంతే. చూపు రాలేదని చేతికర్ర పారేస్తామా? మడత విడిపోకుండా పట్టుకునే మందులు అసలు లేవనీ కాదు. ట్రాన్స్‌థైరెటిన్ అనే ప్రొటీన్‌కి టఫామిడిస్ అనే మందు ఉంది. కానీ అది వేరే జబ్బు, వేరే ప్రొటీన్.

మాత్రతో పాటు పప్పు, గుడ్డు వద్దన్న ఐదోది చదివి మాత్రం నోరు మూసుకోవాల్సి వచ్చింది. అది కరెక్టు. కారణం మడత కాదు. ప్రొటీన్ అరిగాక వచ్చే కొన్ని అమైనో ఆమ్లాలూ లెవోడోపా పేగులోనూ మెదడు దగ్గరా ఒకే గుమ్మం కోసం తోసుకుంటాయి. మా పిన్ని ఏడాదిగా ఆ మాత్రని పప్పన్నం ముద్దలో పెట్టి మింగిస్తోంది. ఎన్నోసార్లు ఎదురుగా కూర్చుని తిన్నాను, ఒక్కసారీ తట్టలేదు. ఇరవై ఏళ్లుగా పాఠం చెప్పేది నేను, పట్టుకున్నది ఆ దిక్కుమాలిన మెసేజ్.

డాక్టర్‌ని అడిగి టైమ్ మార్చాం. ఇప్పుడు మాత్ర ఏడింటికి, టిఫిన్ ఏడున్నర దాటాక. బాబాయి చొక్కా గుండీలు తనే పెట్టుకుంటున్నాడు, పై గుండీ ఒక్కటి తప్ప.