సవరణ: పక్కవాళ్ల ఫైళ్లు ఎవరూ చదవలేదు

అమెజాన్ కంప్యూటర్లను అద్దెకిచ్చే క్లౌడ్ సేవ ఈసీ2 తొలిరోజుల గురించి మొన్న రాస్తూ, 2009లో పరిశోధకులు ఒకే సర్వర్ పంచుకుంటున్న వేరే కస్టమర్ల ఫైళ్లు చదివేశారన్నాను. తప్పు. శాన్ డియాగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ, ఎంఐటీ వాళ్లు కొద్ది డాలర్ల ఖర్చుతో, గురిపెట్టిన వర్చువల్ మెషీన్ (ఒకే సర్వర్‌ని సాఫ్ట్‌వేర్‌తో పంచి ఇచ్చే విడి కంప్యూటర్ లాంటిది) ఉన్న సర్వర్‌లోనే తమదీ చేర్చగలిగారు. అదీ 40 శాతం అవకాశంతో. ఆపైన ప్రాసెసర్ క్యాష్ (మెషీన్లన్నీ పంచుకునే చిన్న, వేగమైన మెమరీ) తీరు కొలిచి, పక్క మెషీన్ మీద లోడ్ ఎంతుందో అంచనా వేశారు. గోడకి చెవి ఆనించి పక్కింట్లో సందడి పసిగట్టడం లాంటిదన్నమాట, బీరువా తెరవడం కాదు. లోడ్ కొలిచింది కూడా వాళ్లు పెట్టుకున్న మెషీన్ల మీదే! అలాగని భయం ఉత్తదేం కాదు, నేనే కాస్త మసాలా దట్టించాను.

ఇంకోటి: 2006 మార్చిలో వచ్చింది ఎస్3, అంటే అమెజాన్ ఫైళ్లు దాచుకునే సేవ. ఈసీ2 బీటా ఆగస్టులో. రెండూ కలిపేశాను.