బఫే గరిటె గారి దివ్య సముఖమునకు

మహారాజశ్రీ బఫే గరిటె గారికి,

హనుమకొండ నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేము ఇప్పుడిప్పుడే క్షేమం. తమరు ఎక్కడున్నా క్షేమంగానే ఉంటారని నిన్న మధ్యాహ్నం ఒక పెళ్లిలో కళ్లారా చూశాను గనుక తమ యోగక్షేమాలు అడగడం లేదు.

సింగపూర్‌లో ఎక్కించి, పెనాంగ్, ఫుకెట్ చూపించి, అయిదో రోజున మళ్లీ సింగపూర్‌లోనే దించే ఆ నౌకలో మనకు పరిచయం కలిగింది. పెళ్లిరోజు కానుకంటూ పిల్లలు పంపిన ప్రయాణం అది. తమరికి నేను గుర్తుండకపోవచ్చు. ఆ పూట తమ పిడిని పట్టుకున్న వందలాది చేతుల్లో నాది ఒకటి. నాకు మాత్రం తమరు బాగా గుర్తున్నారు.

నౌక ఎక్కే చోటనే మా ఇంటావిడ మోసుకొచ్చిన సకినాల డబ్బాను పక్కన పెట్టించారు. ఇంట్లో వండిన పదార్థాలను లోపలికి తేకూడదట. అది ఆరోగ్య నియమమట. బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి, బట్ట మీద చుట్టి, ఆరిన తరువాత నూనెలో కాల్చిన సకినం నెల రోజులైనా చెడదని ఆమె తెలుగులో చెప్పింది, నేను ఇంగ్లీషులో చెప్పాను, ఇద్దరి మాటా చెల్లలేదు. సకినాల నుంచి అంత జాగ్రత్తగా కాపాడిన ఆ నౌక, తమరిని మాత్రం పప్పు గిన్నెలోనూ, నూడుల్స్ పళ్లెంలోనూ, పండ్ల ముక్కల మీదా సగౌరవంగా పడుకోబెట్టింది.

నౌకలో మిగిలిన జీవితం గురించి ఫిర్యాదులు పెద్దగా లేవు. తెల్లవారేసరికి తలుపు కిందికి ఆ రోజు కార్యక్రమాల కాగితం జారిపడేది. సాయంత్రం గదికి వస్తే తువ్వాలుతో మడిచిన ఏనుగు మంచం మీద కూర్చుని ఉండేది. మధ్యలో తినడం, తిన్నది అరగడానికి డెక్కు మీద నడవడం, నడిచినందుకు మళ్లీ తినడం.

భోజనశాల గుమ్మంలో ఒక యువకుడు చిరునవ్వుతో ప్రతి అరచేతిలోనూ శానిటైజర్ పోసేవాడు. అది తీర్థమన్నంత భక్తితో రుద్దుకుని లోపలికి వెళ్లాను. ఎడమ చేత పళ్లెం, కుడి చేత తమరు. భారతీయ వంటకాల మూలలో అన్నం, పప్పు కనబడగానే ప్రాణం లేచివచ్చి, కూర్చుని చేత్తో కలుపుకుని తిన్నాను. పక్క బల్ల దగ్గర ఫోర్కుతో తినే పెద్దమనిషికి తమ పిడిని తాకిన వేళ్లకూ నోటికీ మధ్య జానెడు ఉక్కు అడ్డం ఉంది. నాకు ఆ వేళ్లే ఫోర్కు.

నౌక ఎక్కిన ముప్పయ్యారు గంటలకు, అర్ధరాత్రి వేళ, తమ ప్రసాదం పనిచేయడం మొదలుపెట్టింది. వివరాలు వద్దు, మేమిద్దరం, ఒక్కటే స్నానాలగది, ఊగే నౌక. నౌకలోని వైద్యుడు వచ్చి "నోరో" అన్నాడు. తెలుగు తెలిసినవాడేమోనని సంతోషించి నోరు తెరిచి చూపించాను. అది వైరస్ పేరట. 1968లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో నార్వాక్ అనే ఊరి బడిలో పిల్లలు ఎందరో వాంతులతో పడిపోగా, 1972లో సూక్ష్మదర్శినిలో దొరికిన ఆ సూక్ష్మజీవికి ఊరి పేరే స్థిరపడి, తరువాత నోరోగా మారిందట. ఒంట్లోకి చేరిన 12 నుంచి 48 గంటల్లో బయటపడుతుందని, వందకు లోపు కణాలే ఒక మనిషిని పడగొట్టడానికి చాలునని, ఒకటి నుంచి మూడు రోజుల్లో తగ్గుతుందని ఆయన ఓపికగా చెప్పి, ఓఆర్‌ఎస్ పొట్లాలూ, అంతకంటే భారీగా ఒక బిల్లూ ఇచ్చి వెళ్లాడు. గది దాటి బయటికి రావద్దన్నాడు. మాది కిటికీ లేని గది. ఫుకెట్‌ను టీవీలో, నౌక ముందుభాగాన బిగించిన కెమెరా చూపించినంత మేర, దర్శించుకున్నాను.

అమెరికా రేవులకు వెళ్లే నౌకల్లో నూటికి ముగ్గురు జబ్బుపడితే ఆ సంగతి లోకానికి తెలియజేసే పద్ధతి ఉంది. మా నౌక అటువైపు వెళ్లేది కాదు గనుక, కొందరు అతిథులకు స్వల్ప అసౌకర్యం కలిగిందని మైకులో సెలవిచ్చి సరిపెట్టారు. దానికీ సర్దుకునేవాణ్ణి. కాని మర్నాడు కార్యక్రమాల కాగితంతో పాటు తలుపు కిందికి ఇంకో కాగితం వచ్చింది. కొందరు అతిథులు చేతుల పరిశుభ్రత పాటించకపోవడమే కారణమని, గుమ్మంలోని శానిటైజర్‌ను తప్పక వాడుకోవాలని అందులో మనవి చేశారు.

గరిటె గారూ, ఇక్కడ నా మర్యాద అయిపోయింది. నేను శానిటైజర్ రుద్దుకున్నాను. రుద్దుకున్న చేతిలోకి వచ్చి కూర్చున్నది నువ్వు! ఈ వైరస్‌కు చుట్టూ కొవ్వు పొర ఉండదు. అందుకే సారాయి కలిసిన ఆ జిగురు దాన్ని పెద్దగా ఏమీ చేయలేదు, సబ్బుతో నీళ్లకింద రుద్ది కడగవలసిందే. ఇది వైద్యుడు నాకు చెప్పిన మాట. ఆయన జీతం తీసుకునేది ఆ కాగితం అచ్చువేసిన వారి దగ్గరే.

ఇంతకంటే నన్ను కాల్చిన సంగతి మరొకటి ఉంది. నాలుగో రోజు సాయంత్రం అనుమతి దొరికి భోజనశాలకు వెళితే, నువ్వు మా చేతికి అందలేదు. ప్రతి గిన్నె వెనకా చేతి తొడుగు వేసుకున్న మనిషి నిలబడి, అడిగినంత వడ్డిస్తున్నాడు. అంటే దారి వాళ్లకు ముందే తెలుసు. మొదటి రోజే నలుగురు మనుషులను నిలబెట్టడానికి చేతులు రాలేదు. నౌకలో సగం కడుపులు ఖాళీ అయ్యాక వచ్చాయి. దానికి ప్రత్యేక రక్షణ చర్య అని పేరు పెట్టారు. మా వైపు దాన్ని బంతి భోజనం అంటారు. ఎంగిలి చేత్తో గంటె ముట్టుకుంటే మా నాయనమ్మ చేతి మీద అదే గంటెతో కొట్టేది; ఆమె సూక్ష్మదర్శిని చూడలేదు.

న్యాయంగా చెప్పాలంటే, అమెరికా లెక్కల్లో నోరో ప్రబలిన సందర్భాలలో నౌకల వాటా నూటికి ఒకటే. మిగతావన్నీ నేల మీదివే. కాబట్టి సముద్రానికి దణ్ణం పెట్టి, నేల మీద నిన్ను వెతకనవసరం లేకుండానే, నిన్న ఇక్కడి ఫంక్షన్ హాల్లో కలుసుకున్నాను. నువ్వు పిడితో సహా పప్పులో మునిగి ఉన్నావు. రెండోసారి వడ్డించుకోవడానికి వచ్చిన ఒక పట్టుపంచె పెద్దమనిషి, ఎంగిలి వేళ్లతోనే నిన్ను పైకి లాగి, కాగితంతో తుడిచి, మళ్లీ పప్పులోనే వేశాడు. కొంచెం వడ్డించు నాయనా అని అక్కడి కుర్రవాణ్ణి అడిగితే, "సెల్ఫ్ సర్వీస్ సార్" అన్నాడు.

పళ్లెం అక్కడే పెట్టి వెనక్కి వెళ్లాను. వంటశాల పక్కన నేల మీద మోదుగాకు విస్తర్లు పరుచుకుని వంటవాళ్లు బంతిగా కూర్చున్నారు. జరిగి చోటిచ్చారు. ఒక ముసలాయన ఎడమ చేత బకెట్టు, కుడి చేత నీ తోబుట్టువును పట్టుకుని వరుస మొదటి నుంచి చివరిదాకా నడిచాడు. ఆ పిడిని ఆయన తప్ప ఇంకొకరు తాకలేదు. పప్పు మూడుసార్లు వేయించుకున్నాను. మూడోసారి ఆయన అడగలేదు, నీ తోబుట్టువే ఒంగి పోసింది.

ఇట్లు,
తమ పిడి పట్టుకుని చెడిన ఒక అతిథి