సవరణ: లాంత్స్‌లో కాల్చేది సిరిపోట్‌ని కాదు

బాస్క్ ప్రజల వేషాల పండుగ కార్నివాల్ గురించి మొన్న పెట్టిన పోస్టులో ఉత్తర స్పెయిన్‌లో నవార్రె ప్రాంతంలోని లాంత్స్ ఊళ్లో సిరిపోట్‌ని తగలబెడతారని, నడుముకు పెద్ద గంటలు కట్టుకునే జోఆల్దునాక్‌లూ అక్కడివాళ్లేనని ఉంది. రెండూ సరిచేసి చదవండి.

లాంత్స్‌లో మంటల పాలయ్యేది మియెల్ ఓచిన్ అనే బందిపోటు బొమ్మ, ఎత్తు దాదాపు 3 మీటర్లు. సిరిపోట్ పాపం వేరే పాత్ర. ఒంటినిండా గడ్డి కుక్కిన గోనెసంచులతో అడుగు తీసి అడుగు వేయలేడు. గుర్రం వేషగాడు సల్దికో మాటిమాటికీ వచ్చి గుద్ది పడేస్తుంటాడు, పక్కవాళ్లు లేపి నిలబెట్టాలి. నాకైతే ఆ ఊరేగింపులో ప్రాణం సిరిపోటే.

జోఆల్దునాక్‌లది నవార్రెలోనే ఇతురెన్, సుబియెటా అనే రెండు ఊళ్లు. గొర్రెతోలు, లేసు లంగా, రిబ్బన్లు కట్టిన కోన్ ఆకారపు టోపీ వాళ్ల వేషం. జనవరి చివరి ఆదివారం తర్వాత సోమ, మంగళవారాల్లో ఒక ఊరివాళ్లు ఇంకో ఊరికి వెళ్తారు. గంటలన్నీ ఒకేసారి మోగేలా అందరూ ఒకే అడుగు వేస్తారు.