మహారాజశ్రీ ప్రాజెక్ట్ జేఆర్‌ఎఫ్ ప్రకటన గారికి

హబ్సిగూడ,
హైదరాబాదు.

మహారాజశ్రీ ప్రాజెక్ట్ జేఆర్‌ఎఫ్ ప్రకటన గారి దివ్యసముఖమునకు,

నమస్కారాలతో వ్రాయునది. ఉభయకుశలోపరి అనడం మర్యాద. కానీ తమరి కుశలం మార్చి 31 దాకానే కదా, ఆ తర్వాతి సంగతి నిధులొచ్చాక చూద్దాం.

నీటి మీద, గాలి మీద, వాతావరణ మార్పుల మీద పరిశోధన చేయగోరే పిల్లల్ని ప్రాజెక్టుల్లోకి జూనియర్ రీసెర్చ్ ఫెలోలుగా, అంటే జేఆర్‌ఎఫ్‌లుగా తీసుకోవడం కోసం తమరు వెలువడుతుంటారు. పేజీన్నర పీడీఎఫ్. స్కాన్ చేసినవాళ్ళ తొందర వల్ల ఎప్పుడూ కాస్త పక్కకి ఒరిగి ఉంటారు. అందులో ‘పూర్తిగా తాత్కాలికం’ అని ఒకచోట, ‘ప్రాజెక్టుతో పాటే ముగియును’ అని ఇంకోచోట, ‘శాశ్వత ఉద్యోగం కోరే హక్కు లేదు’ అని చివర్లో. ఒకసారి చెబితే అర్థంకాని వాళ్ళకి ఎమ్మెస్సీ ఎవరిచ్చారా అని తమరి అనుమానం కాబోలు.

ఈ ఊళ్ళో తమరు పుట్టడానికి చోటు కరువు కాదు. ఉప్పల్ రోడ్డులో భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ ఉంది, బాలానగర్‌లో ఉపగ్రహ చిత్రాల కేంద్రం ఎన్‌ఆర్‌ఎస్‌సీ ఉంది. సముద్రం ఇక్కడికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నా సునామీ హెచ్చరికలు వెళ్ళేది ప్రగతినగర్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ నుంచే. మెట్ట సేద్యానికి సంతోష్‌నగర్‌లో క్రీడా (సీఆర్‌ఐడీఏ), పటాన్‌చెరులో ఇక్రిశాట్, నీటి యాజమాన్యానికి రాజేంద్రనగర్‌లో వాలంతరి. ఇవి కాక సెంట్రల్ యూనివర్సిటీ, ఉస్మానియా, జేఎన్‌టీయూ, కంది ఐఐటీ. 2021 నుంచి గేట్ పరీక్షలో పర్యావరణ శాస్త్రానికి విడిగా పేపరు కూడా పెట్టారు. నీళ్ళ మీద ఇంత చదువు పోగుపడిన ఊళ్ళోనే ఎండాకాలం ట్యాంకర్ డ్రైవరుకి ఫోన్ చేసి ‘ఎప్పుడొస్తవన్నా’ అని బతిమాలుకుంటాం. దాని మీద ఎవరైనా ప్రాజెక్టు రాస్తే బాగుండు. ఏడాదికే అయినా సరే.

తమరిలో నాకు అన్నిటికన్నా నచ్చేది ‘కోరదగిన అర్హతలు’ అనే పేరా. ఉండి తీరాల్సింది ఎమ్మెస్సీ, నెట్ లేదా గేట్ పరీక్ష. అక్కడితో ఆగితే తమరు తమరెందుకవుతారు? జీఐఎస్ పటాలు గీయడం రావాలి, పైథాన్ కోడింగ్ రావాలి, వాననీటి లెక్కకట్టే స్వాట్ మోడల్ నడపాలి, హెక్-రాస్ అనే సాఫ్ట్‌వేర్‌లో వరద పారించాలి, ఐసోటోపులు తెలియాలి, మారుమూల ఊళ్ళలో శాంపిళ్ళు తీసిన అనుభవం ఉండాలి. ఇవన్నీ వచ్చిన మనిషిని మాదాపూర్‌లో గేటు దగ్గరే ఎత్తుకుపోతారు. తమరి దగ్గర చేరితే మాత్రం నీటి కాలుష్యం కొలిచే బీఓడీ సీసాలు కడిగి, బిల్లులు కాగితానికి అతికించి, సార్ గారి పవర్‌పాయింట్‌లో రంగులు మార్చాలి.

ఇంటర్వ్యూ సంగతి ఎక్కువ చెప్పను. తొమ్మిదిన్నరకి రమ్మంటారు, మూడింటికి పిలుస్తారు, టీఏ డీఏలు ఇవ్వబడవు. బయట బల్ల దగ్గర కూర్చుని అభ్యర్థుల సంతకాలు తీసుకునే కుర్రాడు ఆ ల్యాబులో అప్పటికే పనిచేస్తుంటాడు. ఆ జాబితాలో మొదటి పేరు అతనిదే.

ఇక డబ్బు. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్‌కి నెలకి 37,000, ఇంటద్దె అదనం. తక్కువని ఎవరూ అనరు. కానీ నెలకి ఇంత అన్నారు గానీ నెలనెలా అనలేదుగా తమరు! ఏప్రిల్ నుంచి రావాల్సింది దసరాకి ఒక్కసారే వచ్చినా, ఇంటి ఓనరు కూడా, నిధులు ఖర్చయ్యాయని చూపే యుటిలైజేషన్ సర్టిఫికెట్ అందేదాకా ఓపిక పడతాడని తమరి నమ్మకం. నెట్ లేకపోతే పోస్టు పేరు మారుతుంది, అంకె తగ్గుతుంది, సీసాలు మాత్రం అవే. ‘ఇంతకీ ఇది ఉద్యోగమా, చదువా?’ అని మా అమ్మ అడుగుతుంటుంది. సెలవు కావాలన్నప్పుడు నేను ఉద్యోగిని కాను, ఫెలోని. ఆదివారం రమ్మన్నప్పుడు ఫెలోని కాను, ఉద్యోగిని. అమ్మకి ఇది ఇంకా బోధపడలేదు.

ఇవన్నీ పడతాం లెండి. నా అసలు ఫిర్యాదు తమరి ఆయుష్షు గురించి. ఒక ఊరి వాతావరణం ఇదీ అని చెప్పడానికి ప్రపంచ వాతావరణ సంస్థ 30 ఏళ్ళ సగటు తీసుకోమంటుంది. ఇప్పుడు వాడేది 1991 నుంచి 2020 దాకా లెక్క. తమరు ఆ శాస్త్రానికి మనిషిని తీసుకునేది ఏడాదికి. పని బాగుంటే, నిధులుంటే, దేవుడు దయతలిస్తే మూడేళ్ళకి. ఉగాది పంచాంగంలో ఈ ఏడు ఇన్ని ఆఢకాల వర్షమని చదివే సిద్ధాంతి గారికి మాత్రం ఏటేటా పిలుపు ఖాయం, శాలువా ఖాయం. వాన లెక్కలతో బతకదలచిన వాళ్ళకి ఈ ఊళ్ళో స్థిరమైన కొలువు అదొక్కటే కనబడుతోంది.

మనిషి వెళ్ళిపోతే ఏమవుతుందో తమరు చూడరు, అప్పటికి తమరు గడువు తీరిన లింకు అయిపోయి ఉంటారు. నేను చెబుతాను. చేరిన పిల్లకి ఏ బోరులో నీటిమట్టం ఎప్పుడు దిగుతుందో, ఏ రైతు పొద్దున్నే మోటారు వేసి మన కొలతని పాడుచేస్తాడో, ఏ కాలువ దగ్గర కుక్కలుంటాయో తెలిసేసరికి ఒక వానాకాలం పోతుంది. రెండో వానాకాలానికి ఆమె లెక్కలు నమ్మదగ్గవి అవుతాయి. మూడోదానికి ఆమె అశోక్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగ్‌లో ఉంటుంది. ల్యాబులో మిగిలేది ‘ఫైనల్’, ‘అసలు ఫైనల్’, ‘సార్ చూసిన ఫైనల్’ అనే మూడు ఎక్సెల్ ఫైళ్ళు. ఏ కాలమ్ ఏ బావిదో ఆమెకి తప్ప తెలియదు. తర్వాత వచ్చినవాడు ఫోన్ చేస్తే ఆమె ఎత్తుతుంది, పాపం మంచిపిల్ల. ఎత్తి, ‘పైజోమీటరు ఏడుకి తాళం లేదు, రాయి పెట్టి ఉంటుంది’ అని నీటిమట్టం కొలిచే ఆ గొట్టం గుట్టు చెబుతుంది. నీటి గుణాన్ని కొలవడానికి లక్షలు పోసి కొన్న ప్రోబ్, దాన్ని సరిచూసే కాలిబ్రేషన్ ద్రావణం అయిపోయి, పెట్టెలో పడి ఉంటుంది. కొత్త ద్రావణం కొత్త ప్రాజెక్టులోనే కొనాలట, పాత పద్దులో ఆ ఖర్చుకి చోటు లేదట.

1908 సెప్టెంబరు 28న మూసీ ఈ ఊరిని ముంచింది. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది. ఆయన నగరానికి ఎగువన ఉన్న చెరువులెన్ని, తెగినవెన్ని అని ఆరా తీశారు. 788 చెరువుల్లో 221 తెగాయని తేల్చారు. ఎగువన రెండు జలాశయాలు కట్టమన్నారు. అదే ఆయన తమరిని చూసి వాకిన్ ఇంటర్వ్యూకి వచ్చి ఉంటే? వయసు నలభై దాటింది, తమరి హద్దు 28. ఎమ్మెస్సీ లేదు, నెట్ లేదు, స్వాట్ రాదు. బయట కుర్రాడు సంతకం కూడా పెట్టించుకునేవాడు కాదు. పొరపాటున తీసుకున్నా, ఉస్మాన్‌సాగర్ పూర్తయింది 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో. అప్పటికి ప్రాజెక్టు ముగిసి, ఆడిట్ ముగిసి, జీప్ బిల్లుకి అసలు రసీదు ఏదని ఆయనకి మెమో వచ్చి ఉండేది.

ఇప్పటికీ వరద వస్తేనే తమరికి ఆదరణ. 2020 అక్టోబరులో గుర్రం చెరువు కట్ట తెగి పాతబస్తీ కాలనీలు మునిగినప్పుడు అందరికీ నీటిశాస్త్రం గుర్తొచ్చింది. రోడ్లు ఆరాక మళ్ళీ మరుపు.

పటాన్‌చెరు మాట కూడా చెప్పాలి. అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్ళలో లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో ప్రపంచానికి చెప్పింది స్వీడన్ శాస్త్రవేత్తలు. మందు వేసుకున్న రోగి రక్తంలో కన్నా ఎక్కువన్నమాట. యాంటీబయాటిక్ కాలుష్యం అనగానే ఇప్పటికీ మన పటాన్‌చెరునే ఉదాహరణగా చూపిస్తారు. అదే కాలువ దగ్గరికి నెలనెలా వెళ్ళి, తగ్గిందా పెరిగిందా అని పదేళ్ళు చూసే పోస్టు ఒకటి తమరిలో ఎప్పుడైనా కనబడుతుందేమోనని వెతుకుతుంటాను. ‘మొదట 11 నెలలు’ అని ఉంటుంది.

ఇది కాని పని కాదు. 1999లో ఎన్‌జీఆర్‌ఐలో ఇండో-ఫ్రెంచ్ భూగర్భజల కేంద్రం మొదలైంది. మహేశ్వరం దగ్గర 53 చదరపు కిలోమీటర్ల పరీవాహకాన్ని పట్టుకుని ఏళ్ళ తరబడి కొలిచారు. మన గ్రానైట్ రాయి కింద నీళ్ళు ఎక్కడ నిలుస్తాయి, పైన మెత్తబడిన పొర ఎంత దాచుకుంటుంది, కింది పగుళ్ళు ఎంత ఇస్తాయి, ఇదంతా ఆ ఓపిక వల్ల తెలిసింది. వెయ్యి అడుగుల బోరు వేసినా దుమ్మే ఎందుకొస్తుందో ఇవాళ అపార్ట్‌మెంట్ సెక్రటరీకి చెప్పగలుగుతున్నామంటే ఆ చలవే. ఆయన వినడనుకోండి, కొబ్బరికాయతో నీళ్ళజాడ చెప్పేవాడిని పిలిపిస్తాడు.

కాబట్టి తమరిని కోరేది కొంచెమే. పేరు జేఆర్‌ఎఫ్ అనే ఉంచుకోండి, తాత్కాలికమనీ మూడుసార్లు రాసుకోండి. ఒక బావికి ఒక మనిషిని కనీసం పది వానాకాలాలు ఉంచండి. అది మరీ ఎక్కువైతే, పాతవాళ్ళు వెళ్ళేముందు కొత్తవాళ్ళు చేరేలా ఒక్క నెల అయినా ఇద్దరికీ జీతం ఇవ్వండి. ఆ పైజోమీటరుకి ఒక తాళం కొనండి.

ఇట్లు,
వయోపరిమితిలో మహిళలకిచ్చే సడలింపు పుణ్యమా అని ఇంకొన్నాళ్ళు తమరి కంటికి ఆనబోయే
విధేయురాలు

తా.క.: తమరి కొత్త పీడీఎఫ్ ఇవాళ సాయంత్రం పెట్టారు. దరఖాస్తుకి ఆఖరి తేదీ నిన్న.