హెచ్-ఇండెక్సుకు శాలువా

మా తిరుపతి లీలామహల్ కూడలిలో, ఒక నగల దుకాణం ప్రకటనకూ ఒక నాయకుడి జన్మదిన శుభాకాంక్షలకూ నడుమ, ఈ మధ్య ఒక కొత్త ఫ్లెక్సీ వెలసింది. మెదడు మీద పరిశోధన చేసే ఆచార్యులవారు అందులో చేతులు కట్టుకొని నిలబడి ఉండగా, ఎన్ని పరిశోధన పత్రాలు, ఎన్ని సైటేషన్లు (అంటే ఆ పత్రాలను ఇతర పత్రాలలో ఉదహరించిన సార్లు), హెచ్-ఇండెక్స్ ఎంత అన్న అంకెలు ఆయన శిరస్సు చుట్టూ కాంతివలయంలా వెలుగుతున్నాయి. ఆ మెదడు గురించి ఆయన కనుక్కున్నదేమిటో రాయడానికి మాత్రం పన్నెండడుగుల ఫ్లెక్సీలో చోటు చాలినట్టు లేదు.

ఈ హెచ్-ఇండెక్సును 2005లో హోర్హే హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ప్రతిపాదించాడు. ఒకరి పత్రాలలో పది పత్రాలను ఒక్కొక్కదాన్ని కనీసం పదేసి సార్లు ఎవరైనా ఉదహరిస్తే, ఆయన సూచిక పది. ఆ ‘ఎవరైనా’లో సదరు రచయిత, ఆయన శిష్యులు, ఆయనకు బాకీపడ్డ మిత్రులు కూడా చేరవచ్చు. మరోవైపు, శస్త్రచికిత్సలో, మెదడులో ఒక భాగమైన హిప్పోక్యాంపస్‌ను కోల్పోయి, కొత్త సంగతేదీ గుర్తుంచుకోలేకపోయిన రోగి గురించి స్కోవిల్, బ్రెండా మిల్నర్ 1957లో ప్రచురించిన పత్రం జ్ఞాపకశక్తి గురించిన మన ఆలోచననే మార్చివేసింది. జీవితంలో ఆ ఒక్క పత్రమే రాసిన వ్యక్తి ఎవరైనా ఉంటే, వేల మంది ఉదహరించినా ఆయన సూచిక ఒకటి. అంతటి అల్పుడికి మన ఊళ్లో ఫ్లెక్సీ సంగతి అటుంచి, చేతిరుమాలైనా కప్పరు.

పత్రాలకు సరుకు దొరకదన్న బెంగ కూడా అక్కర్లేదు. 2009లో కొందరు పరిశోధకులు చచ్చిన సాల్మన్ చేపను ఎమ్మారై యంత్రంలో పడుకోబెట్టి, మనుషుల ఫొటోలు చూపించి, వీరి మనోభావమేమిటని అడిగారు. మెదడు చిత్రంలోని వేల బిందువులను ఒకేసారి పరీక్షించేటప్పుడు, యాదృచ్ఛికంగా కనిపించే తప్పుడు ఫలితాలను ఏరివేయడానికి చేయవలసిన గణాంక సవరణ చేయకపోతే, ఆ చేప మెదడులోనూ చైతన్యం ఉన్నట్టు కనిపించింది. వారు దానిని హెచ్చరికగా చెప్పారు. మనవాళ్లలో కొందరు దానిని వంటకం తయారుచేసే విధానంగా స్వీకరించారేమోనని నా అనుమానం.

సన్మాన సభకు నేనూ వెళ్లాను. మొదటి వక్త సైటేషన్ల సంఖ్య చదివారు, రెండవ వక్త అదే సంఖ్యను గద్గద స్వరంతో చదివారు, మూడవ వక్త నిరుటి సంఖ్యను ఇందులోంచి తీసివేసి తేడా ప్రకటించగా సభ చప్పట్లతో మారుమోగింది. సర్వదర్శనం టోకెను మీది అంకెనైనా ఎవరూ అంత భక్తితో చూడగా నేనెరుగను. అప్పుడు చంద్రగిరి నుంచి వచ్చిన ఒక పెద్దాయన లేచి, “సామీ, మా ఇంటామెకు ఏడాదిగా నా పేరు కూడా గుర్తుండడంలా. సారు మెదడు గురించి అంత రాసినారంట గదా, ఏమన్నా దారి చెప్తారా?” అని అడిగాడు. ఆచార్యులవారు చిరునవ్వుతో, “ఆ అంశంలో మాకు మంచి సైటేషన్లే ఉన్నాయి,” అన్నారు. అంతలో భోజనాలు చల్లారిపోతున్నాయని ప్రకటన వెలువడింది.

వేదిక పక్కన శాలువాల పళ్లెం పట్టుకొని నిలబడ్డ అమ్మాయి ఆయన పరిశోధక విద్యార్థినే. రోగుల స్కానులు ముగిసి యంత్రం ఖాళీ అయ్యే రాత్రివేళల్లో, రెండేళ్లు ఆ సమాచారమంతా సేకరించినది ఆమె. పత్రంలో ఆమె పేరు నాలుగోది. ముందున్న ముగ్గురిలో ఇద్దరు ఆ స్కాను గది గుమ్మం తొక్కినవారు కారు. గైడుగారి పాత పత్రాలు పదకొండింటిని ఉదహరిస్తే తప్ప సిద్ధాంత గ్రంథం మీద సంతకం పడదని ఆమెకు చెప్పారు. దీనిని మార్గదర్శకత్వం అనడానికి నాకు నోరు రావడం లేదు. ఇది దొంగతనం, పైగా, దొంగిలించిన సొమ్మును సొమ్ముగలవారి చేతే మోయించి, దానికి శాలువా కప్పించుకోవడం.

అందరూ భోజనాలకు కదిలాక ఆ అమ్మాయి పళ్లెం పక్కన పెట్టి, పెద్దాయన దగ్గర మెట్టు మీద కూర్చొని, ఆయన ఇంటామెకు మరపు ఎప్పుడు మొదలైందని, పాత సంగతులు గుర్తున్నాయా అని, ఒక్కొక్కటే అడగసాగింది. వేదిక మీద ప్రముఖులను వరుసగా నిలబెడుతున్న ఫొటోగ్రాఫరు వెనక్కి తిరిగి, “ఏమ్మా, ఫొటోలో పడతా ఉండావు, రవ్వంత పక్కకు జరుగు,” అన్నాడు.