యుటిలైజేషన్ సర్టిఫికెట్ గారికి డ్రాయింగ్ మేడమ్ దండాలు

మహారాజశ్రీ యుటిలైజేషన్ సర్టిఫికెట్ గారికి,

నెల్లూరు నుంచి నమస్కరించి రాయునది. గ్రాంటు డబ్బు సరిగ్గా ఖర్చయిందని చెప్పే కాగితం గదా మీరు, ఈ నెలలో మీకోసం ఆఫీసుకు రావడం ఇది మూడోసారి. రెండింటికి వస్తే సారు భోజనానికి పొయ్యారన్నారు. నాలుగున్నరకు వచ్చారు. ఫ్యాను కింద ఉన్న ఒక్క కుర్చీలో ఫైళ్లు కూర్చునున్నాయి కాబట్టి నేను నిలబడ్డాను. మే నెల ఎండ మీకు తెలీదులెండి, మీరుండేది బీరువాలో.

మా మైనారిటీ కాలేజీ ఆడపిల్లలకు చేతికళలు నేర్పమని వచ్చిన గ్రాంటు మార్చి 22న ఖాతాలో పడింది. 31లోగా ఖర్చు కాకపోతే వెనక్కి వెళ్తుందట. ఏడాదంతా రంగుల డబ్బాలు నా జీతంలోంచి కొన్నదాన్ని, తొమ్మిది రోజుల్లో కళాపోషణ ముగించాను. ఖర్చు పెట్టడానికి తొమ్మిది రోజులు, పెట్టామని రుజువు చెయ్యడానికి మీకు పన్నెండు నెలల గడువు. ఎవరి సౌకర్యం చూశారో మరి.

ఉదయగిరి నుంచి చెక్క గరిటెలు చెక్కే ఒక ఖాలా (మా ఉర్దూలో పిన్నమ్మ) వచ్చింది. ఐదు రోజులు నేర్పింది. దేవదారి చెక్కను పాదాల మధ్య బిగించి, ఆకురాయితో గరిటె కాడ మీద జాలీ పని, అంటే వల లాంటి చెక్కుడు, చేస్తుంటే పిల్లలు ఫోన్లు పక్కన పెట్టేశారు. అది నేనెన్నడూ సాధించలేదు. ఆ గరిటెలకు జీఐ గుర్తింపు, అంటే ఆ ఊరి సొత్తని చెప్పే ముద్ర, కూడా ఉంది. సారు మాత్రం, 'చెంచా కళెట్లవుద్ది మేడమ్, వంటసామాను హెడ్డు (ఖర్చుల పద్దు) కదా' అన్నారు. సరే, అది మింగేశాను. ఎయిడెడ్ కాలేజీల పోస్టులు ప్రభుత్వానికి అప్పగించమన్న 2021నీ, మైనారిటీ పరిశోధకులకిచ్చే మౌలానా ఆజాద్ ఫెలోషిప్ ఆపేసిన 2022నీ మింగినవాళ్లకు చెంచా ఒక లెక్కా.

మింగలేనిది రసీదు. ఖాలా ఐదువేలకు రెవెన్యూ స్టాంపు అంటించి, తనకొచ్చిన ఉర్దూలో రాసి సంతకం చేసింది. సారు దాన్ని తలకిందులుగా పట్టుకుని చూసి, 'ఇదేం భాష? తెలుగు తర్జుమా, దాని మీద నోటరీ, ఆమె జీఎస్టీ నంబరు తీసుకురండి' అన్నారు.

అయ్యా, 2022లో ఉర్దూను ఈ రాష్ట్రానికి రెండో అధికార భాష చేస్తూ చట్టం తెచ్చింది మీ ప్రభుత్వమేనే! సాయం చేసేటప్పుడు మైనారిటీ సంస్థ అని తేడా చూపకూడదని రాజ్యాంగం 30వ అధికరణంలో రాసుకున్నది మనమేనే! ఉర్దూ పిల్లల పేరు చెప్పి డబ్బిచ్చి, ఉర్దూలో రసీదొస్తే అది అనుమానాస్పద పత్రమా? పూట గడవడానికి గరిటెలు చెక్కే మనిషికి జీఎస్టీ నంబరు ఎక్కడినుంచి తేవాలి? ఆ కాగితం నోటరీకి మోయడానికయ్యే ఖర్చు ఏ హెడ్డులో రాయాలి? మీ రూపమైన 12-ఎ ఫారంలో డబ్బు ఏ పనికి మంజూరైందో ఆ పనికే వాడామని నా చేత సంతకం పెట్టించుకుంటారే, ఒక్కసారైనా పిల్లలకు ఏమైనా వచ్చిందా అని సారు అడిగారా? నాకు వినపడలేదు.

కోపం పట్టలేక, సంచీలోంచి మా సెకండియర్ పిల్ల చెక్కిన గరిటె తీసి బల్లమీద పెట్టాను. కాడ కొంచెం వంకర, కానీ జాలీ అంతా నిలబడింది. సారు చేతిలోకి తీసుకున్నారు. అంచు వేలితో తడిమారు, వాసన చూశారు. మొదటిసారి నా ముఖం చూసి మాట్లాడారు.

"భలే ఉంది మేడమ్. మా ఇంటికి ఇట్లాంటివి నాలుగు తెప్పిస్తారా?"

"తెప్పిస్తాను సార్. కాకపోతే రసీదు ఉర్దూలో ఉంటుంది."

"మన మధ్య రసీదులెందుకు మేడమ్!"

ఇట్లు,
మీ దర్శనం కోసం సోమవారం మళ్లీ రాబోతున్న
డ్రాయింగ్ మేడమ్