గడియ పడని తలుపు: కారణం తెలియని పక్షవాతానికి గుండెలో వెతుకుతున్నామా?

దామలచెరువు మామిడి మండీలో లెక్కలు రాసే మా చిన్నత్త కొడుక్కి అప్పటికి 38 ఏళ్లు. బీపీ లేదు, షుగర్ లేదు, సిగరెట్ ముట్టడు. తోతాపురి కాయ జోరుగా దిగుతున్న జూన్ నెలలో ఒక ఉదయం, కూలీ ఒకతను రాలేదని తానే నాలుగు క్రేట్లు లారీకి ఎత్తి అందించి, వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. పెన్ను చేతిలోంచి జారింది. తీసుకుందామని వంగితే కుడిచెయ్యి కదల్లేదు. పక్కనున్న మనిషిని పిలవబోతే మాట ముద్దముద్దగా వచ్చింది.

తీసుకెళ్లిన ఆస్పత్రిలో ఎమ్మారై తీశారు. మెదడు ఎడమవైపు పైపొరలో కొంతమేర రక్తం అందక దెబ్బతింది. మెడ రక్తనాళాలు బాగున్నాయి. ఈసీజీ బాగుంది. మామూలు ఎకో (గుండె స్కాన్) కూడా బాగుంది. పది రోజులకు మాట వచ్చింది, చెయ్యి లేచింది. ఆస్పిరిన్ రాసి ఇంటికి పంపారు. డిశ్చార్జి కాగితంలో జబ్బు పేరు ‘క్రిప్టోజెనిక్ స్ట్రోక్’ అని ఉంది. దానికి అర్థమేమిటో ఎవరూ చెప్పలేదు. డాక్టర్లు చెప్పనిచోట ఊరు చెబుతుంది కదా. ఎండదెబ్బ అన్నారు, టెన్షన్ అన్నారు, మా అత్త అయితే దిష్టి అని ఉప్పు, మిరపకాయలు తిప్పి పోసింది.

క్రిప్టోజెనిక్ అంటే కారణం మరుగున ఉందని. మరుగున ఉందంటే వెతకాలి. రక్తం గడ్డకట్టడం వల్ల వచ్చే పక్షవాతాల్లో దాదాపు నాలుగో వంతుకు మామూలు పరీక్షల్లో కారణం దొరకదు. అందులో వయసులో ఉన్నవాళ్ల విషయంలో వెతకాల్సిన ముఖ్యమైన చోట్లలో గుండె పై గదుల మధ్య గోడ ఒకటి. మన దగ్గర చాలాసార్లు వెతుకులాట అక్కడిదాకా పోకుండానే ఆగిపోతోంది. నా బాధంతా దాని గురించే.

కడుపులో ఉన్న బిడ్డ ఊపిరి తీసుకోదు. ఆక్సిజన్ తల్లి మాయ నుంచి వస్తుంది కాబట్టి రక్తం ఊపిరితిత్తులకు వెళ్లి రావాల్సిన అవసరం పెద్దగా ఉండదు. అందుకే కుడి పైగది నుంచి ఎడమ పైగదికి నేరుగా ఒక దారి ఉంటుంది. బిడ్డ పుట్టి కేర్ మనగానే ఊపిరితిత్తులు విచ్చుకుంటాయి, ఎడమ గదిలో ఒత్తిడి పెరుగుతుంది, ఆ దారి మీదున్న పల్చటి పొర తలుపులా వచ్చి గోడకు ఆనుకుంటుంది. తర్వాత మెల్లగా అతుక్కుపోతుంది. నలుగురిలో ముగ్గురికి ఇలాగే జరుగుతుంది. నాలుగో మనిషికి తలుపు దగ్గరగా వేసే ఉంటుంది గానీ గడియ పడదు. దీన్నే పేటెంట్ ఫొరామెన్ ఓవేల్, పొట్టిగా పీఎఫ్‌ఓ అంటారు.

మామూలుగా దీనితో ఏ ఇబ్బందీ ఉండదు. కానీ గట్టిగా దగ్గినా, బరువెత్తినా, మలబద్ధకంతో ముక్కినా కుడివైపు ఒత్తిడి ఒక్క క్షణం ఎక్కువై తలుపు తెరుచుకుంటుంది. గంటల తరబడి కదలకుండా కూర్చున్నప్పుడు, ఆపరేషన్ తర్వాత మంచం మీద ఉన్నప్పుడు, కాన్పు తర్వాతి వారాల్లో కాలి సిరల్లో రక్తం గడ్డ కట్టే అవకాశం ఎక్కువ. (బాలింతకు నీళ్లు తక్కువ ఇవ్వాలనే పాత పద్ధతి ఇంకా ఉన్న ఇళ్లు దీన్ని గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ఒంట్లో నీరు తగ్గితే రక్తం ఇంకా తేలిగ్గా గడ్డకడుతుంది.) అలా పుట్టిన చిన్న గడ్డ గుండె కుడివైపుకు వస్తే మామూలుగా ఊపిరితిత్తుల జల్లెడలో చిక్కుకుంటుంది. సరిగ్గా ఆ క్షణంలో తలుపు తెరుచుకుంటే మాత్రం జల్లెడను తప్పించుకుని ఎడమవైపుకు దాటి, నేరుగా మెదడుకు పోగలదు. ఇలా దారి తప్పిన గడ్డ గురించి జర్మన్ వైద్యుడు జూలియస్ కోన్‌హైమ్ 1877లోనే రాశాడు.

ఇది చదివి ఎవరూ కంగారు పడకూడదు. అలిపిరి దారిలో 3,550 మెట్లూ ఎక్కేవాళ్లలో దాదాపు నాలుగో వంతు మందికి ఈ తలుపు ఉండే ఉంటుంది. వాళ్లంతా గోవింద నామాలు చెప్పుకుంటూ ఎక్కి, దర్శనం చేసుకుని, క్షేమంగా ఇళ్లకు పోతున్నారు. ఇంకో మాట కూడా చెప్పాలి. తిరుపతిలో 2021లో టీటీడీ చిన్నపిల్లల గుండె ఆస్పత్రి పెట్టాక, ‘గుండెలో రంధ్రం’ అనే మాట మన జిల్లాల్లో ఇంటింటికీ తెలిసింది. ఆ పిల్లలకు ఉండేది చాలావరకు గోడలో నిజంగానే కండ లేని ఖాళీ. పీఎఫ్‌ఓలో ఖాళీ ఏమీ ఉండదు, అతుక్కోని పొర మాత్రమే ఉంటుంది. రెండింటినీ ఒకే గాటన కట్టి, ఎకో రిపోర్టులో ఈ మూడక్షరాలు చూసి, ఆడపిల్ల పెళ్లి సంబంధం వదులుకున్న కుటుంబం నాకు తెలుసు. నలుగురిలో ఒకరికి ఉన్నదాన్ని జబ్బు అని ఎలా అంటాం?

అసలు చిక్కు కూడా ఇక్కడే ఉంది. నలుగురిలో ఒకరికి ఉన్నదంటే, పక్షవాతం వచ్చిన మనిషిలో అది కనబడినంత మాత్రాన అదే కారణమని చెప్పలేం. యాదృచ్ఛికంగా కూడా ఉండొచ్చు. 1988లో ఫ్రెంచి వైద్యులు 55 ఏళ్లలోపు పక్షవాతం వచ్చినవాళ్లను పరీక్షిస్తే 40 శాతం మందిలో ఈ తలుపు కనబడింది. పక్షవాతం రానివాళ్లలో అదే పరీక్షకు 10 శాతం మందిలోనే కనబడింది. వేరే ఏ కారణమూ దొరకనివాళ్లను మాత్రమే తీసుకుంటే సగం దాటింది. సంబంధం ఉందని అర్థమైంది. కానీ తలుపు మూస్తే లాభమా అన్నది తేలడానికి ఇంకో ముప్పై ఏళ్లు పట్టింది. 2012, 2013ల్లో వచ్చిన మూడు పెద్ద వైద్య పరిశోధనల్లో, తొడ దగ్గరి సిర ద్వారా చిన్న గొడుగులాంటి పరికరం పెట్టి మూసినా స్పష్టమైన తేడా కనబడలేదు. చాలామంది ఆ ఆలోచననే పక్కన పెట్టేశారు.

2017లో పరిస్థితి మారింది. ఎక్కువగా ఫ్రాన్స్‌లో జరిగిన క్లోజ్ అనే పరిశోధనలో రోగులను జాగ్రత్తగా ఎంచుకున్నారు: 60 ఏళ్లలోపు వాళ్లు, వేరే కారణం దొరకనివాళ్లు, తలుపు పెద్దగా తెరుచుకునేవాళ్లు లేదా గోడ వదులుగా ఊగేవాళ్లు. ఐదేళ్లకు పైగా గమనించారు. తలుపు మూసిన 238 మందిలో ఒక్కరికీ మళ్లీ పక్షవాతం రాలేదు. మాత్రలే వాడిన 235 మందిలో 14 మందికి వచ్చింది. అదే ఏడాది వచ్చిన ఇంకో రెండు పరిశోధనల ఫలితాలూ ఇదే దారి చూపించాయి. తర్వాత ఆరు పరిశోధనల్లోని 3,740 మంది వివరాలను కలిపి 2021లో లెక్కగట్టారు. మాత్రలతో ఏడాదికి సుమారు 1.1 శాతం మందికి మళ్లీ వస్తే, మూసినవాళ్లలో 0.5 శాతం కంటే తక్కువ. ముప్పు సగానికి పైగా తగ్గింది, నిజమే. కానీ అసలు ముప్పే ఏడాదికి నూటికి ఒకటి. 65 ఏళ్లాయనకు అది చిన్న సంఖ్య. ఇంకా నలభై ఏళ్ల జీవితం ముందున్న 38 ఏళ్ల మనిషికి మాత్రం చిన్నది కాదు. మూసిన తర్వాత కొందరికి గుండె లయ తప్పడం కూడా ఉంది. క్లోజ్‌లో అది 4.6 శాతం మందికి వచ్చింది, చాలావరకు తొలి వారాల్లోనే.

అందుకే వెతకకపోవడం ఎంత తప్పో, కనబడిన ప్రతి తలుపునూ మూసేయడం కూడా అంతే తప్పని నా అభిప్రాయం. మా వీధిలో 67 ఏళ్ల రిటైర్డ్ మాస్టారుకి పక్షవాతం వచ్చినప్పుడు ఆయనకూ పీఎఫ్‌ఓ కనబడింది. ఇంట్లోవాళ్లు వెంటనే మూయించేద్దామన్నారు. చూసిన డాక్టరు మాత్రం తొందరపడలేదు. రోజుల తరబడి గుండె లయను రికార్డు చేయించారు. మధ్యమధ్యలో లయ తప్పుతోందని తేలింది, అంటే ఏట్రియల్ ఫిబ్రిలేషన్. రక్తం పలచబడే మందు మొదలుపెట్టి తలుపు జోలికి పోలేదు. ఆయనకు సరైన వైద్యం అదే.

మా వాడి సంగతికి వస్తే, ఐదు నెలల తర్వాత మళ్లీ వచ్చింది. ఈసారి తిరుపతికి తీసుకొచ్చాం. అక్కడ బబుల్ పరీక్ష చేస్తుంటే నేను గదిలోనే ఉన్నాను. అందులో పెద్ద యంత్రాంగమేమీ లేదు. చేతి సిరకు మూడు దారుల గొట్టం పెట్టి, రెండు సిరంజీలు తగిలించి, సెలైన్‌లో కొంచెం గాలి కలిపి అటూ ఇటూ గబగబా తోశారు. నీళ్లు పాలలా తెల్లబడ్డాయి. ఆ నీళ్లు సిరలోకి పంపారు. ఎకో తెర మీద గుండె కుడి గది ఒక్కసారిగా తెల్లగా నిండిపోయింది, ఎడమ గది నల్లగానే ఉంది. “ఊపిరి బిగబట్టి గట్టిగా ముక్కు... ఇప్పుడు వదిలెయ్” అన్నారు డాక్టరు. వదిలాడో లేదో, మూడు సార్లు గుండె కొట్టుకునేలోపే ఎడమ గదిలోకి తెల్లటి చుక్కలు బిలబిలమంటూ దూసుకొచ్చాయి. ఊపిరితిత్తులను దాటి రాలేని బుడగలవి. తలుపు లోంచి వస్తే తప్ప అంత త్వరగా అక్కడికి చేరవు.

ఈ మొదటి పరీక్షకు మామూలు ఎకో మెషీన్, రెండు సిరంజీలు, చెయ్యాలన్న ఆలోచన ఉంటే చాలు. ఇందులో తేలితే అప్పుడు నోట్లోంచి గొట్టం వేసి చేసే ఎకోతో తలుపును దగ్గరగా చూస్తారు. 60 ఏళ్లలోపు పక్షవాతం వచ్చి, కారణం దొరకని ప్రతి మనిషికీ ఈ బబుల్ పరీక్ష జరగాలి. మూయాలా వద్దా అన్నది న్యూరాలజీ డాక్టరూ కార్డియాలజీ డాక్టరూ కలిసి కూర్చుని నిర్ణయించాలి. ఆ రెండు విభాగాలూ ఒకే ప్రాంగణంలో ఉన్న స్విమ్స్ ఆస్పత్రి తిరుపతిలోనే ఉంది. చిత్తూరు వాళ్లకు వేలూరు సీఎంసీ కూతవేటు దూరం. మనకు లోటు వసతులది కాదు, జిల్లా స్థాయిలో మొదటి రోజు రాసే పరీక్షల జాబితాది. ‘క్రిప్టోజెనిక్’ అని రాసే ముందు బబుల్ పరీక్ష చేశామా, గుండె లయను చాలినన్ని రోజులు చూశామా అన్న రెండు గళ్లు ఆ కాగితంలో ఉండాలి.

రోగి వైపు నుంచి ఒక్క మాట. మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా ముందు 108కి ఫోన్ చెయ్యండి. గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు సమయం నాలుగున్నర గంటలే. పలమనేరు వైపు నాటుమందుకు తీసుకెళ్లే అలవాటు మన ఊళ్లలో తాతల నాటిది, దానిమీద నమ్మకం ఉన్నవాళ్లతో నేను వాదించను. కానీ ఆ ప్రయాణం ఆస్పత్రి తర్వాతే.

మా వాడికి తలుపు మూశారు. బాగున్నాడు. రెండు డిశ్చార్జి కాగితాలూ ఒకే ప్లాస్టిక్ కవర్లో పెట్టుకున్నాడు. వాటి తేదీల మధ్య ఐదు నెలలు ఉన్నాయి. రెండోసారి దెబ్బకు కుడిచేతి వేళ్లు సరిగ్గా పట్టు దొరకడం లేదు. ఈ సీజన్‌లో మండీ లెక్కలు ఎడమచేత్తో రాయడం నేర్చుకుంటున్నాడు.